తెలిసిన తేదీ

ఘోషాసుపత్రి ల్యాబ్‌లో నేను రాసిన వరుస అది.
నీలం ఇంకు, కుడివైపుకి వాలే నా అక్షరం.
మైలపల్లి నూకరత్నం, ఇరవై మూడేళ్లు, అయిదో నెల.
చివరి గడిలో కూడిక గుర్తు.
అది పెట్టే ముందు
మూడు కిట్లనీ ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకి పట్టి చూశాను.
మూడూ ఒకే మాట చెప్పాయి.

ఇప్పుడా పేజీ మీద కోర్టు ముద్ర.
ఉత్తర్వు చూపించి రిజిస్టరు పట్టుకెళ్లారు.
దాని వెనకాలే నన్నూ పిలిచారు,
నాలుగో సాక్షిని.

"ముద్దాయికి ఈ సంగతి ఏ తేదీన తెలిసింది?"
పీపీ గారు అడిగింది అంతే.
రోగం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగలేదు.
ఇరవై రోజులు సముద్రం మీదుండి
పారాదీప్ రేవు దాకా పోయొచ్చే మొగుడు
సూదికి చెయ్యి ఎప్పుడైనా చాపాడా అని అడగలేదు.
చాపలేదు. అందుకే అతనికి తెలియదు.
తెలియదు గనక అతను ఫిర్యాది.
పక్కన అతని తల్లి, చెంగు నోట్లో కుక్కుకుని.

పాత పుస్తకంలో రెండొందల డెబ్భై,
కొత్త పుస్తకంలో రెండొందల డెబ్భై రెండు.
అంకె మారింది.
మసూచికీ కలరాకీ జడిసి
ఏ దొరో రాసిన వాక్యం మాత్రం
కొత్త రంగేసిన పాత తెప్పలా అలాగే ఉంది.

నేనొక కాగితం తీశాను.
పది నెలలు మందులు మింగాక వచ్చిన రిపోర్టు,
రక్తంలో వైరస్ కనబడలేదని.
కనబడనిది ఒకరి నుంచి ఒకరికి పాకదని చెప్పబోయాను.
"అడిగినదానికే చెప్పండి."
మడిచి జేబులో పెట్టుకున్నాను.
దాని అంచు చాలాసేపు ఛాతీకి గుచ్చుకుంది.

బోనులో ఆమె చంకన పిల్ల.
దానికి రాలేదు. పద్దెనిమిదో నెల పరీక్ష నేనే చేశాను.
కానిస్టేబుల్ విజిల్ తాడు పట్టుకు లాగుతోంది,
అతను లాగనిస్తున్నాడు.

వరండాలో నన్ను చూసి నూకరత్నం అంది:
"పరీచ్చ సేయించుకోమన్నది నువ్వే గద బాబూ.
మా వీదిలో సేయించుకున్నది నానొక్కర్తినే.
ఆడికి సెప్పినాను, వల బాగుసేత్తంటే సెప్పినాను,
సాచ్చికం ఎవులున్నారు? వలుంది.
కడుపుతో ఉన్నోల్లకే గదా ముందు తెలిసీది.
ముందు తెలిసిపోడమే నా తప్పేటి?"

నా దగ్గర జవాబు లేదు. వేరుశనగల పొట్లం ఉంది,
పిల్లకిచ్చాను.

ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దించే ఎల్లాజీ
సాయంత్రం టీ కొట్టు దగ్గర అన్నాడు:
"దీపం పెట్టుకున్న పడవనే పట్టుకుంటే
రేపట్నుంచి రేవులో ఎవడు దీపం పెడతాడు గురూగారూ?"
అని గ్లాసు కడిగి, నా గ్లాసు కూడా కడిగాడు.

ఆమె ఫోటో పేపర్లో పడ్డ సోమవారం
బల్ల ముందు ముప్పై ఒక్కరు.
తర్వాతి సోమవారం పదకొండు.
ఆ మీదటి వారం, వానా లేదు, బందూ లేదు,
నలుగురు.
రానివాళ్లు ఆరోగ్యంగా ఉన్నారని కాదు.
రానివాళ్లు నిర్దోషులుగా ఉన్నారు.

చట్టం రాయడం నాకు రాదు.
కక్షతో, కావాలని ఒకరి బతుకు చెరిపేవాడుంటే
పట్టుకోండి, వద్దనను.
కానీ చెయ్యి చాపినందుకు,
భయపడుతూనే చాపినందుకు,
ఆ చేతికి సంకెల వేసే వాక్యాన్ని కొట్టెయ్యండి.
కొట్టేసిన చోట ఏం రాయాలో
మందుల చీటీ పట్టుకు లైన్లో నిలబడేవాళ్లని అడగండి.
నన్ను అడిగినా సరే, తేదీలు కాకుండా
ఇంకేమైనా అడగండి.

వాయిదా పద్నాలుగుకి పడింది.

ఇవాళ పొద్దున్న కంచరపాలెం నుంచి ఒక పిల్ల వచ్చింది.
ముఖానికి గుడ్డ, కొత్త మట్టెలు.
చెయ్యి బల్ల మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టి
"పేరు రాస్తారా?" అని అడిగింది.
"రాయాలమ్మా."
"రోజు కూడానా?"

కొత్త రిజిస్టరు. మొదటి పేజీ.
ఫ్యాను గాలికి అంచు లేస్తోంది.
పేరు రాశాను, వయసు రాశాను,
తేదీ గడి దగ్గర
పెన్ను ఆగింది.
ఆమె నా పెన్నునే చూస్తోంది.